తిప్పుడు దీపం

మునెయ్యకు సముద్రం పడదు.

ఈ మాట గూడూరు నిమ్మకాయల మండీలో కూర్చున్న షావుకారును గురించి చెబితే ఎవరూ చెవిన పెట్టరు. ఆయనకు సముద్రంతో పనేముంది, ఊరగాయకు ఉప్పు కావాలంటే బస్తాలో వస్తుంది. కానీ మునెయ్య పుట్టింది నడిమిపాళెంలో, వల తప్ప వేరే ఆస్తి ఎరగని ఇంట్లో, వాకిట్లో చెంబు కడిగితే ఆ నీళ్లు అలలో కలిసేంత దగ్గర్లో. అటువంటి మనిషి తెప్ప ఎక్కాడంటే ఇక తెప్పరిల్లడు. కడలి కాస్త కదిలితే చాలు, వాడి కడుపు మొత్తం కదులుతుంది. అలలు ఊరందరికీ అలవాటు, వాడికి మాత్రం అలవి కాలేదు. పెళ్లయిన మగాడు తెప్ప ముక్కున బోర్లా పడుకుని, పొద్దున తిన్న సద్దికూడు సముద్రుడికి నైవేద్యం పెడుతుంటే, వెనక తెడ్డు వేసే గంగులయ్య ఊరుకునే రకం కాదు.

"మనకి ఎరతో పని లేదురా. మునెయ్య ముందే వడ్డించేసినాడు. ఇంగ వల దించండి."

ఆ మాట మునెయ్య కంటే ముందు ఇంటికి చేరేది. భార్య కామమ్మ కూటికుండ దించుతూ అడిగేది.

"ఈ పూట ఎవురికి పెట్టొచ్చినావు? చందువ చేపలకా, కానాగంతలకా?"

నడిమిపాళెంలో సముద్రం ఎక్కకుండా సముద్రం సొమ్ము తినే వీలున్న కొలువు ఒక్కటే ఉంది, దీపం కొలువు. మధ్యాహ్నం పోయిన తెప్పలు పొద్దుగూకాక తిరిగొచ్చే రోజుల్లో ఇసుక దిబ్బ మీద ఒకరు లాంతరు పట్టుకుని నిలబడాలి. ఆ వెలుగు చూసుకుని తెప్పలు ఒడ్డెక్కుతాయి. అందుకు ప్రతి తెప్ప నుంచీ దోసెడు చేపలు ఆ మనిషి గంపలో పడతాయి. దాన్ని దీపం పాలు అంటారు. పితికే పాలు కావు, పంచే పాలు. అయినా మీగడ కట్టేది.

లాంతరు పట్టడమంటే ఊరికే పట్టుకోవడం కాదు. అది కదలకుండా వెలిగితే, దిగండి, అంతా బాగుందని అర్థం. అటూ ఇటూ ఊగితే, ఒడ్డున అల పెద్దదిగా ఉంది, కాసేపు బయటే ఉండండి అని. ఇక లాంతరు మీద గంప బోర్లించి తీసి, బోర్లించి తీసి, వెలుగు కనబడుతూ మాయమవుతూ ఉంటే, ఊళ్లో ఎవరో పోయారని. చావు మైల ఉన్న ఒడ్డున చేప దించకూడదు, వల దించకూడదు, గంగమ్మ ఒప్పుకోదు. అందుకని ఆ గుర్తు కంటపడగానే తెప్పలన్నీ మొహం తిప్పుకుని ఉత్తరాన పక్క పాళెంలో ఒడ్డెక్కాలి. పట్టిందంతా అక్కడి వాళ్లకు వదిలేసి, అక్కడే తలకు పోసుకుని, తలగుడ్డ తీసేసి, ఇసుకలో నడిచి రావాలి. పొలిమేర దాటగానే ఏడుపు ఎత్తుకోవాలి. పోయింది ఎవరో తెలియకపోయినా సరే, ముందు ఏడ్చి తర్వాత అడగాలి. ఈ కట్టు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. తప్పినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆ లాంతరు ఎన్నో ఏళ్లుగా నాగులమ్మ చేతిలో ఉంది. మొగుణ్ణి సముద్రం తీసుకున్న ఏడాదే ఊరు ఆమెకు లాంతరు ఇచ్చింది. ఇప్పుడు ఆమెకు చూపు మందగించింది, మోకాళ్లు అరిగాయి. ఒకనాడు పెదకాపు పోలేరయ్య అరుగు దగ్గరికి వచ్చి లాంతరు కింద పెట్టేసింది. పెదకాపు అంటే ఆ పాళేనికి పెద్ద. తగువు తీర్చాలన్నా, తప్పు చేసినవాడికి దండుగ వెయ్యాలన్నా, మైల తీర్చాలన్నా ఆయన నోటి మాటే.

"నా వల్ల కాదు పోలేరన్నా. ఇంగెవురికన్నా ఇచ్చుకో. ఒడ్డు కనపడని దాన్ని, ఒడ్డు చూపించమంటే ఎట్టా?"

ఈ వార్త వినగానే మునెయ్య కడుపులో మొదటిసారి నేల మీదే ఒక అల లేచింది. ఆ కొలువు తనకు దక్కితే ఇక జన్మలో తెప్ప ఎక్కక్కర్లేదు. గంగులయ్య నోట పడక్కర్లేదు. కానీ ఒక చిక్కుంది. లాంతరు పట్టేది ఆడది. తాతల నాటి నుంచి అంతే. మగాడు లాంతరు పట్టుకుని ఒడ్డున నిలబడితే, ఇప్పటిదాకా తెప్ప మీద నవ్విన వాళ్లు ఇక ఊరి మీద పడి నవ్వుతారు.

ఈ చిక్కును విప్పింది ఒక బరమా.

కామమ్మ అన్న చెంచయ్య గూడూరు దగ్గర అభ్రకం గనిలో పని చేసేవాడు. గనిలో నీళ్లు ఊరి మూత పడినప్పుడు ఎవరికి అందింది వాళ్లు చంకన పెట్టుకుపోయారు. చెంచయ్యకు అందింది తూట్లు వేసే చేతి బరమా. ఇనప చట్రం, పక్కన పళ్ల చక్రం, తిప్పడానికి పిడి, కొసన ములుకును కరిచి పట్టే నోరు. చెల్లెలికి ఏదో ఒకటి పంపాలి గనక దాన్ని పంపాడు. "మా అన్న బరమా పంపినాడు" అని కామమ్మ బావి దగ్గర అన్నదే పాపం, బర్మా సరుకనుకుని, రంగూను నుంచి పట్టుచీర వచ్చిందేమో చూద్దామని ఆడవాళ్లంతా వాకిట్లోకి వచ్చేశారు. చూసి, మూతి తిప్పుకుని పోయారు. ఆ ఇంట్లో బరమా చూసిన మొదటి తిప్పుడు అదే.

నడిమిపాళెంలో బరమాతో ఎవరికీ పని లేదు. తెప్ప అంటే దుంగలు, దుంగలకు తాళ్లు. మేకు లేదు, తూటు లేదు. పైగా సముద్రం మీదికి పోయేవాడి ముందు తూటు అన్న మాటే ఎవరూ ఎత్తరు. కాబట్టి బరమా బరువు పనికి కుదిరింది. ఎండుచేపల మీద కప్పిన చాప గాలికి ఎగరకుండా దాని మీద కూర్చునేది.

కరెంటు ఆ పాళేనికి వస్తుందని అందరూ చెప్పేవాళ్లే. స్తంభాలు చిల్లకూరు దాకా వచ్చి, ఉప్పుగాలి పడక కాబోలు, అక్కడే నిలబడిపోయాయి. ఒకనాడు మునెయ్య ఎండుచేపల గంప దించుకుని అదే చిల్లకూరులో దావీదు సైకిలు షాపు ముందు కూర్చున్నాడు. దావీదు ఒక సైకిలును స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పాడు. చక్రానికి ఒరుసుకుంటూ సీసా అంత ఇనప బుడ్డి, దాని పేరు డైనమో, గిర్రున తిరిగింది. ముందు లైటు భగ్గుమంది. నూనె లేదు, అగ్గిపుల్ల లేదు.

మునెయ్యకు చూపు నిలిచిపోయింది. తిరిగే చక్రం ఒకటి తన ఇంట్లో చేపల మీద కూర్చుని ఉందని గుర్తొచ్చింది.

"అన్నా, అట్టాంటిది పాతది ఒకటుంటే ఇస్తావా?"

"సైకిలు లేనోడికి డైనమో ఎందుకబ్బయా?" అన్నాడు దావీదు.

"చేతికి పెట్టుకుంటా."

"చేతికి వాచీ పెట్టుకుంటారు. అది టైము చెప్తాది."

"ఇది నా టైము మారుస్తాదన్నా."

దావీదుకు అర్థం కాలేదు గానీ గంపెడు నెత్తళ్లు అర్థమయ్యాయి. పాత డైనమో, లైటు ఇచ్చేశాడు.

ఆ వారమంతా మునెయ్యకు కడుపునొప్పి వచ్చింది. తెప్ప ఎక్కకుండా వచ్చిన కడుపునొప్పి అదే మొదటిది. ఇంట్లో కూర్చుని బరమా నోట్లోంచి ములుకు ఊడదీశాడు. డైనమో నెత్తిన ఉన్న చిన్న చక్రం పీకేసి, బయటపడ్డ కడ్డీని ఆ నోటికి కరిపించాడు. డైనమో ఒళ్లు తానూ తిరిగిపోకుండా ఇనప పట్టీతో చట్రానికి బిగించాడు. కొసన లైటు కట్టాడు. ఎడం చేత్తో పట్టుకుని, కుడి చేత్తో పిడి తిప్పాడు. గుర్రుమంది. వెలిగింది. వెలుగు నేరుగా కామమ్మ మొహాన కొట్టింది.

"తియ్యి, తియ్యి, కళ్లు పోతాయి," అంది కామమ్మ. చెయ్యి అడ్డం పెట్టుకుని వేళ్ల సందులోంచి చూసింది. "నూనె యాడ పోసినావు?"

"నూనె లేదు. వత్తి లేదు. గాలికి ఆరదు, వానకి తడవదు."

"మరి దేంతో వెలుగుతాది?"

"నేను తిప్పితే వెలుగుతాది."

"అంటే నువ్వు కూడు తింటే వెలుగుతాది. కిరసనాయిలు బుడ్డే చవకేమో చూసుకో. ఊళ్లో అందరూ దీపం వెలిగించి కూచుంటారు. నువ్వు కూచోని వెలిగిస్తుండావు."

"నీకు తెలవదులే. ఇది దీపం కాదు, మిషను."

ఆ మాట నోట్లోంచి రాగానే చిక్కు విడిపోయింది. దీపమైతే ఆడది పట్టాలి. మిషనైతే మగాడే తిప్పాలి.

మర్నాడు పెదకాపు అరుగు ముందు పంచాయతీ కూడింది. పోలేరయ్య డెబ్బై దాటిన మనిషి. పదిహేను రోజులుగా దగ్గుతున్నాడు. ఆయన దగ్గినప్పుడల్లా మేనల్లుడు గంగులయ్య తల తిప్పి చూస్తాడు. ఆ చూపులో జాలి ఎంత ఉందో, లెక్క ఎంత ఉందో చెప్పడం కష్టం, ఎందుకంటే పెదకాపుకు మగపిల్లలు లేరు, తలపాగా తర్వాత చుట్టుకోవలసింది మేనల్లుడే.

మునెయ్య పంచె కింద నుంచి యంత్రం తీసి తిప్పాడు. పట్టపగలే అరుగు గోడ మీద తెల్లటి చంద్రుడు పడ్డాడు. పిల్లలు గోడ తడిమారు.

పోలేరయ్య ముందుకు వంగి చూశాడు. "తీగ యాడరా? చిల్లకూరులో చూసినా, కరెంటంటే తీగ ఉండాల."

"తీగ లేదు మామా. తీగ లేని కరెంటు."

"తీగ లేకుండానే కాసిందంటే మంచి పాదే."

"మామా," అన్నాడు గంగులయ్య, "మగోడు ఒడ్డున దీపం పట్టుకోని నిలబడితే పక్క పాళెమోళ్లు ఏమనుకుంటారు? రేపు గాజులు కూడా వేసుకుంటానంటాడు."

"ఇది దీపం కాదన్నా, మిషను," అన్నాడు మునెయ్య. "రైలు నడిపేది ఆడోళ్లా మగోళ్లా?"

నడిమిపాళెంలో రైలు ఎక్కినవాళ్లు తక్కువ. నడిపేవాణ్ణి చూసినవాళ్లు లేనేలేరు. అందుకే ఆ మాటకు ఎదురు రాలేదు.

నాగులమ్మ మాత్రం నోరు విప్పింది. "ఒరే మునిగా, లాంతరు నేను పట్టుకోని నిలబడితే నేను ఊరికే ఉంటా, అది పని చేస్తాది. నీ మిషను ముందు నువ్వు ఊరికే ఉంటే అదీ ఊరికే ఉంటాది. చూసుకో."

"నీకు పాతకాలపు అలవాటత్తా," అన్నాడు మునెయ్య, పొంగిపోతూ. "ఒక్క మాట. నేను తిప్పే రోజు ఒడ్డున ఇంకో దీపం ఉండకూడదు. రెండు వెలుగులుంటే తెప్పలోళ్లు తికమక పడతారు."

పోలేరయ్య దగ్గి, గొంతు సవరించుకుని తేల్చాడు. "రేపు సందకాడ తిప్పు. తెప్పలన్నీ సక్కంగా మన ఒడ్డెక్కితే దీపం పాలు నీకే. ఎక్కకపోతే నోరు మూసుకోని గంగులయ్య తెప్ప ముక్కు మీద కూచోవాల. బతికినన్నాళ్లూ. మళ్లీ కడుపునొప్పి అనకూడదు."

గంగులయ్య నవ్వాడు. మునెయ్యకు ఆ నవ్వులోనే తెప్ప ఊగినట్లనిపించింది.

మర్నాడు పొద్దు గూకుతుండగా ఒడ్డంతా జనం. ఆడవాళ్లు గంపలతో, ముసలివాళ్లు చుట్టలతో వచ్చారు. పోలేరయ్య దుప్పటి కప్పుకుని, దిబ్బ పక్కన ముక్కాలి పీట వేయించుకుని కూర్చున్నాడు. నాగులమ్మ ఉత్త చేతులతో వచ్చింది. లాంతరు ఇంట్లో, అందులోని నూనె పక్కింటి వాళ్ల బుడ్డిలో. మునెయ్య దిబ్బ ఎక్కి, కొత్త పెళ్లికొడుకులా నాలుగు దిక్కులూ చూసి, తిప్పడం మొదలుపెట్టాడు.

తీగలేని వెలుగు సముద్రం మీదికి సాగింది. ఆడవాళ్లు నోళ్లు తెరిచారు. కామమ్మ కొంగు సర్దుకుని ఒక అడుగు దిబ్బకు దగ్గరగా జరిగి, అక్కడే కదలకుండా నిలబడింది.

ఇంతవరకూ మునెయ్య బరమాను ఒక చుట్ట కాలేంత సేపు కూడా ఆపకుండా తిప్పి ఎరగడు. ఇంట్లో తిప్పితే కామమ్మ తియ్యమనేది, అరుగు దగ్గర తిప్పితే మెచ్చుకుని చాలనేవాళ్లు. ఆ సాయంత్రం చాలనేవాళ్లు లేరు. దక్షిణపు గాలి ఎదురై తెప్పలు ఆలస్యం చేశాయి. చెయ్యి లాగింది. తిప్పుడు మెల్లబడింది. వెలుగు ఎర్రబడి, మిణుగురై, పోయింది. వెంటనే మునెయ్య చెయ్యి మార్చాడు. ఎడం చేతికి అలవాటు లేదు. నాలుగు చుట్లు తిరిగి భగ్గుమంది, మళ్లీ నీరసించింది. మళ్లీ చెయ్యి మార్చాడు. దీపం తిప్పడానికి వచ్చినవాడికి తిప్పలు మొదలయ్యాయి.

కానీ దిబ్బ కింద ఎవరూ దీపం వంక చూడడం లేదు. ఒడ్డున నిలబడిన వాళ్లు చూసేది సముద్రాన్ని, దీపాన్ని చూసేది సముద్రం మీద ఉన్నవాళ్లు. మునెయ్యకు కనిపించేది తన చెమట ఒక్కటే. అంత చెమట పట్టిందంటే పని అంత బాగా జరుగుతోందని వాడి లెక్క.

దూరాన తెప్పల నీడలు కనబడ్డాయి. ఆడవాళ్లు గంపలు ఎత్తారు. తెప్పలు వచ్చాయి, వచ్చాయి, ఉన్నట్టుండి ఆగాయి. తర్వాత ఒకదాని వెనక ఒకటి ముక్కు తిప్పుకుని ఉత్తరంగా పోసాగాయి.

"ఏందిరా అది, అట్టా పోతా ఉండారు?" అన్నాడు పోలేరయ్య.

"గాలి మామా," అన్నాడు మునెయ్య రొప్పుతూ. "వెలుగు చాలినట్టు లేదు. ఇంకొంచెం గట్టిగా తిప్పితే వచ్చేస్తారు."

ఒళ్లంతా బిగించి తిప్పాడు. సూర్యుడు దిగినట్టు వెలిగింది. చెయ్యి పట్టేసింది. ఆరిపోయింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరింది. వాడు ఎంత గట్టిగా పిలిస్తే తెప్పలు అంత వేగంగా పోయాయి.

నాగులమ్మకు దూరాన తెప్పలు కనబడవు. దగ్గర వెలుగు కనబడుతుంది. దిబ్బ వంక మొహం తిప్పి కాసేపు చూసింది. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఎవురు పోయినార్రా?"

"ఎవురూ పోలేదత్తా. తెప్పలే పోతా ఉండాయి."

"ఎవురూ పోకుండా చావు దీపం పడతావేందిరా సచ్చినోడా?"

మునెయ్య చెయ్యి పిడి మీదే ఆగిపోయింది. ఆ ఆగడంతో దీపం మరోసారి ఆరింది.

ఆ గుర్తు చూసి అక్కడ తెప్పల మీద వాళ్లు ఎవరి పేరు అనుకుని ఉంటారో ఎవరూ పైకి అనలేదు. అనకుండానే అందరి చూపులూ ఒక్కచోటికి చేరాయి. పదిహేను రోజులుగా ఊళ్లో దగ్గుతున్న మనిషి ఒక్కరే.

పోలేరయ్య ఆ చూపులన్నీ దుప్పటిలో పొదువుకుని పీట మీద నిటారుగా సర్దుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఎవురూ నోరెత్తొద్దు. వాళ్లు రానీ. మునిగా, నువ్వు నేను చెప్పిందాకా తిప్పొద్దు."

చీకటి చిక్కబడ్డాక ఉత్తరాన పొలిమేర దగ్గర ఏడుపు లేచింది. మగవాళ్ల గొంతులు, తడిసిన గుడ్డల చప్పుడు, ఇసుకలో అడుగులు. అందరి కంటే ముందు గంగులయ్య గొంతు.

"మామా, మమ్మల్ని ఇసకలో పడేసి పోయినావా మామా. నీలాంటి పెద్ద మళ్లీ పుడతాడా మామా."

పీట మీద పోలేరయ్య తల ఊపాడు. బాగానే ఏడుస్తున్నాడు.

వెనక నడుస్తున్న ఒకడు ఏడుపు మధ్యలో ఊపిరి తీసుకున్నాడు. "వాటాలు పంచేటప్పుడు మాత్రం చెయ్యి కొంచెం వొంకర మామకి."

"ఇంగ ఉండదులే," అన్నాడు గంగులయ్య మామూలు గొంతుతో. "రేపటి నుంచి కొత్త పద్ధతి పెడతా. ముందు ఆ అరుగు కొట్టేసి పెద్దది కట్టాల." మళ్లీ గొంతు ఎత్తాడు. "మామా, అరుగు బోసిపోయిందే మామా."

"మరి నీ తెప్ప ఎక్కేది ఎవురింగ?"

"మునిగాడు. నా తెప్ప ముక్కున వాడు, వెనక నువ్వు."

ఇంకో గొంతు, వణుకుతూ: "దండుగ వేసినాడుగానీ మనిషి మంచోడే. నా కూతురి పెళ్లికి రాత్రంతా కూచున్నాడు." ఈ గొంతు నిజంగానే ఏడుస్తోంది.

అడుగులు దిబ్బ దగ్గరికి వచ్చేశాయి.

"ఇప్పుడు తిప్పరా," అన్నాడు పోలేరయ్య.

అప్పటికి మునెయ్య చెయ్యి బాగా సేద తీరింది. తిప్పాడు. ఆ సాయంత్రానికంతా మొదటిసారి దీపం ఆరకుండా, అదరకుండా, నిండుగా వెలిగింది. ఆ వెలుగులో దుప్పటి కప్పుకుని, పీట మీద నిటారుగా, పీనుగ కూర్చుని ఉంది.

సగం మంది వచ్చిన దారినే పరుగెత్తారు. నిజంగా ఏడుస్తున్నవాడు మాత్రం మోకాళ్ల మీద కూలబడి దణ్ణం పెట్టాడు. గంగులయ్య కాళ్లు ఇసుకలో పాతేసినట్టు నిలబడిపోయాడు. అందరి తలలూ గుడ్డ లేకుండా, తడిగా ఉన్నాయి. ఒక్క గంగులయ్య నెత్తిన మాత్రం కొత్త తలపాగా ఉంది. పక్క పాళెం పెద్ద, ఆలస్యమెందుకని, దారిలోనే చుట్టేశాడు.

పోలేరయ్య దాన్ని తీరిగ్గా చూశాడు.

"బాగుండాది గంగులూ. కొంచెం వొదులుగా చుట్టినారు. జారిపోతాది."

గంగులయ్య రెండు చేతులా దాన్ని తీసి చంకన పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున అరుగు కొట్టెయ్యకుండానే అరుగు ముందు మళ్లీ పంచాయతీ. ఊరంతా మునెయ్య మీద మండిపోతోంది. ఒక పూట పట్టిందంతా పక్క పాళెం కుండల్లో ఉడికింది. అక్కడివాళ్లు మైల లేకుండా తిన్నారు, ఎవరూ చావలేదు గనక. అందరి కంటే గట్టిగా అరిచింది గంగులయ్యే.

"మాట ప్రకారం నా తెప్ప ముక్కు మీద కూచోబెట్టు మామా. ఈ పొద్దే."

మునెయ్య అరుగు మెట్టు పట్టుకుని నిలబడ్డాడు. నేల మీదే వాడికి నోట్లో నీళ్లూరుతున్నాయి. కామమ్మ వాడి పక్కన నిలబడి, వాడి చొక్కా వెనక కొస ఎవరికీ కనబడకుండా పట్టుకుంది.

పోలేరయ్య దగ్గాడు. గంగులయ్య అలవాటు కొద్దీ తల తిప్పి చూసి, నాలుక కరుచుకుని, తిప్పిన తలను ఎక్కడ పెట్టాలో తెలియక ఆకాశం వంక చూశాడు.

"దీపం పాలు వీడికి లేదు," అన్నాడు పోలేరయ్య. "లాంతరు ఆడోళ్లదే. నాగులమ్మా, ఎవురికిస్తావో నువ్వే చెప్పు."

నాగులమ్మ చూపు ఆనని కళ్లతో జనాన్ని వెతికింది. "కామికియ్యి. నిన్న ఒడ్డున అరవకుండా, కదలకుండా నిలబడింది అదొక్కతే. దీపానికి కావాల్సింది అంతే."

కిరసనాయిలు బుడ్డే చవకని మొదటిరోజే చెప్పిన ఇంటికే కొలువు వచ్చింది, చెప్పిన మనిషికే వచ్చింది. కామమ్మ మొగుడి చొక్కా వదిలేసి లాంతరు అందుకుంది.

"మరి వీడు?" అన్నాడు గంగులయ్య.

"వీడికీ పనుండాది. ఊళ్లో ఎవురన్నా పోతే ఇన్నాళ్లూ లాంతరు మీద గంప మూసి తీసి, మూసి తీసి నాగులమ్మ చేతులు పడిపోయేవి. మునిగాడి మిషనుకి ఆ పని దానంతటదే వచ్చు. ఎంత బాగా వచ్చో నువ్వే చూసినావు, నెత్తిన గుడ్డ కట్టుకోనొచ్చినావు. ఇంగమీద చావు దీపం వీడిది. చావు చెప్పి రాదు గనక వీడు ఎప్పుడూ ఒడ్డునే ఉండాల. తెప్ప ఎక్కకూడదు. ఎక్కితే దండుగ. ఎవురన్నా పోతే మాత్రం, మైల తీరినాక తెప్పకి రెండు దోసిళ్లు వీడికి."

మునెయ్యకు కాళ్ల కింద నేల నిలిచింది. చిన్నప్పటి నుంచి దేవుళ్లందరికీ మొక్కుకున్న వరం ఇదే: తెప్ప ఎక్కకూడదు, ఎక్కితే తప్పు. అరుగు మెట్టు మీదే తల పెట్టి దణ్ణం పెట్టాడు. అయితే ఈ వరంలో ఒక మెలిక ఉందని ఇంటికి పోయేదారిలో గాని తెలియలేదు.

ఎదురొచ్చిన ముసలాయన్ను అలవాటుగా పలకరించాడు. "ఏం తాతా, ఎట్టుండావు?"

తాత ముందు తెల్లబోయి, తర్వాత కర్ర ఎత్తాడు. "నీకెందుకురా? నేను బాగుండా. నూరేళ్లుంటా. ఇంటికి పో."

ఆనాటి నుంచి ఊళ్లో మునెయ్య ఎవరినీ ఎట్టుండావని అడగడానికి లేదు. జ్వరం వచ్చిన ఇంటి వైపు పోవడానికి లేదు. పురిటింటి ముందు నిలబడడానికి లేదు. తెప్ప మీద నవ్విన వాళ్లే ఇప్పుడు వాడు కనబడితే పక్కకు తొలగి దారి ఇచ్చేవాళ్లు. వాడు జన్మంతా కోరుకున్న మర్యాద అదే. కాకపోతే కొంచెం ఎక్కువ మోతాదులో దొరికింది. పొద్దుగూకాక కామమ్మ దిబ్బ మీద కదలకుండా నిలబడి లాంతరు పట్టేది. గంప నిండా చేపలు తెచ్చేది. మునెయ్య ఇంట్లో పొయ్యి రాజేసి కాచుకునేవాడు. తిప్పక్కర్లేని దీపం కింద కూర్చుని తినడంలో ఒక సుఖం ఉందని వాడికి తెలిసింది గానీ పైకి అనలేదు.

ఏడాది తిరక్కుండానే ఉప్పుగాలి తన పని చేసుకుంది. ఊళ్లో ఇంకా ఎవరూ పోలేదు. ఒకనాడు బరమాకు కొబ్బరినూనె పూసి తిప్పబోతే చక్రం కర్రుమని బిగుసుకుపోయింది. సుత్తితో కొట్టాడు. డైనమో ఊడి ముక్కలయింది. చావు చెప్పాల్సిన మిషను ఎవరికీ చెప్పకుండా చచ్చింది.

మునెయ్య తలుపు మూసుకుని కూర్చున్నాడు. చిల్లకూరు పోయి ఇంకో డైనమో తేవాలంటే దావీదు షాపు ఎత్తేసి ఎటో వెళ్లిపోయాడు. మిషను లేదని తెలిస్తే కొలువు లేదు. కొలువు లేకపోతే తెప్ప. తెప్ప ముక్కున తనకోసం గంగులయ్య ఇంకా చోటు ఖాళీగా ఉంచాడు.

కామమ్మకు ఒక్కతెకే చెప్పాడు.

"ఎవురూ చావకుంటే ఎవురికీ తెలవదు," అంది.

మర్నాటి నుంచి నడిమిపాళెంలో ఊరి జనం ఆయుస్సు కోసం మునెయ్యంతగా పాటుపడ్డవాడు లేడు. ఎంత తరిమినా వినక, దగ్గేవాళ్ల ఇంటికి శొంఠి, తులసి మోసుకుపోయేవాడు. మోకాళ్ల నొప్పులకు ఆముదం. పెరుగూ చేపా కలిపి తినబోయే పిల్లల చేతుల్లోంచి ముంతలు లాక్కునేవాడు. గాలి కొంచెం మారితే ఒడ్డుకు పరుగెత్తి, ఈ పూట పోవద్దని గంగులయ్య కాళ్లు పట్టుకునేవాడు. ఎవరి కాళ్ల మీదైనా పడగల మనిషే గానీ, గంగులయ్య కాళ్ల మీద పడడమే ఊరికి వింత. గంగులయ్యకు మాత్రం వాడి కళ్లలో ప్రేమ కనిపించి కొంచెం సిగ్గనిపించింది.

పెదకాపు పోలేరయ్యకు పొద్దున్నే మిరియాల కషాయం మునెయ్య స్వయంగా కాచి, పొగలు పోకుండా మూత పెట్టి, అరుగు మీద అందించేవాడు. ఆయన దగ్గు ఎప్పుడో తగ్గిపోయింది. కషాయం మాత్రం ఆగలేదు.

ఒకనాడు ముంత అందుకుంటూ పోలేరయ్య వాడికేసి పరీక్షగా చూశాడు.

"కన్న కొడుకులు కూడా ఇట్టా చూసుకోరు. ఇంత ప్రేమేందిరా నా మీద?"

"నువ్వు సల్లగా ఉండాల మామా," అన్నాడు మునెయ్య. "నీ పానం బాగుంటేనే నా బతుకు."

పోలేరయ్య ఒక గుటక వేసి తల ఊపాడు.

"అది సరే. మిషను ఎట్టుండాది?"

"నీ లాగే ఉండాది మామా," అని, చల్లారకముందే తాగమని ముంత వంక చూపించి, మునెయ్య తర్వాతి ఇంటికి బయల్దేరాడు.